పింఛను డబ్బును అప్పు కింద పట్టేసుకుంటే ఏం చేయాలి?

తిరుపతి కొర్లగుంట నుంచి ఒకమ్మాయి అడిగిన విషయం ఇదీ. వాళ్ల నాన్న మిల్లులో పనిచేసి చనిపోయారు. అమ్మకు 66 ఏళ్లు. పీఎఫ్ ఆఫీసు నుంచి నెలనెలా ₹2,140 పింఛను ఆమె బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2017లో సొంత తమ్ముడు షాపు కోసం అదే బ్యాంకులో లోను తీసుకుంటే ఈమె ష్యూరిటీ సంతకం పెట్టింది. తమ్ముడు చేతులెత్తేశాడు. మూడు నెలలుగా పింఛను పడినట్టు మెసేజ్ వస్తోంది, ఏటీఎంకు వెళితే మాత్రం డబ్బు రావడం లేదు. పైగా ప్రతి నెలా ₹295 పోతోంది. పోయిన వారం ఆమె తీసుకున్న గ్రూపు లోను తాలూకు ఫైనాన్స్ మనిషి ఇంటికొచ్చి “కట్టకపోతే నీ అకౌంటు సీజ్ చేయిస్తా” అని అరిచి పోయాడు. వీళ్లకు ఆ హక్కు ఉందా, ఇప్పుడు కోర్టుకు వెళ్లాలా అన్నది ప్రశ్న.

అమ్మా, కోర్టు సంగతి తర్వాత చూద్దాం. రేపు పొద్దున మీ అమ్మగారిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, పాసు పుస్తకం ప్రింట్ చేయించండి. దానితో ఆగకుండా ఆరు నెలల స్టేట్‌మెంటు కూడా అడగండి. ముప్పై ఏళ్లు చిత్తూరు జిల్లా శాఖల్లో బ్యాంకు ఉద్యోగం చేశాను, చివరి ఆరేళ్లు రికవరీ సెక్షన్‌లోనే. రిటైరయ్యాక న్యాయ సేవల వాళ్ల దగ్గర వాలంటీరుగా కూర్చుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది “అప్పులోళ్లు డబ్బు లాగేసినారు సార్” అంటారు. ఎవరు లాగారు, ఏ దారిన లాగారు అని అడిగితే చెప్పలేరు. ఆ దారి తెలియకుండా రాసిన అర్జీ ఏ టేబుల్ దగ్గరా కదలదు.

ఖాతాలోంచి డబ్బు పోవడానికి దారులు నాలుగైదే. బ్యాంకు తన సొంత అప్పు కింద తనే జమ చేసుకోవచ్చు, లేదా తీయకుండా హోల్డ్ పెట్టొచ్చు. మీరే ఎప్పుడో సంతకం చేసిచ్చిన ఆటో డెబిట్ మీద ఫైనాన్స్ కంపెనీ లాగొచ్చు. బ్యాంకు చార్జీల కింద పోవచ్చు. కోర్టు జప్తు ఉత్తర్వు వచ్చి ఉండొచ్చు. ఇవేవీ కాకపోతే ఏటీఎం కార్డు వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. ఇందులో ఒక్కోదానికి మందు వేరు.

మీరు రాసిన దాన్ని బట్టి మీది హోల్డ్. అదెలా తెలుస్తుందంటే, హోల్డ్ పెట్టిన డబ్బు పాసు పుస్తకంలో నిక్షేపంగా కనిపిస్తుంది. బ్యాలెన్సు ₹6,000 అని ఉంటుంది. మిషన్ దగ్గరికి వెళితే మాత్రం సరిపడా నిల్వ లేదంటుంది. మా రోజుల్లో ముసలివాళ్లు పాసు పుస్తకం పట్టుకొచ్చి “ఇదిగో, ఇక్కడ ఉండాది కదా నాయనా, లేదంటావేంది?” అని కౌంటర్లో పోట్లాడేవాళ్లు. క్లర్కుకు స్క్రీన్ మీద ‘లీన్’ అనే గడిలో ఆ మొత్తం కనబడుతూ ఉంటుంది. పాసు పుస్తకంలో ఆ గడి ప్రింటు కాదు. కాబట్టి కౌంటర్లో “లీన్ ఎంత ఉంది, ఏ తేదీన పెట్టారు, ఏ లోను నంబరుకు పెట్టారు” అని ఈ మూడూ అడిగి రాసుకోండి.

ఇక ఆ ₹295. స్టేట్‌మెంటులో 295, 590 లాంటి అంకెలు కనిపిస్తే అవి అప్పు కిస్తీలు కావు, చార్జీలు. ₹250కి 18 శాతం జీఎస్టీ ₹45 కలిపితే 295. ఐదు వందలకు కలిపితే 590. దాని పక్కన ఏసీహెచ్ అనో, రిటర్న్ అనో ఉంటే, ఫైనాన్స్ కంపెనీ ఆటో డెబిట్‌కు పంపింది, ఖాతాలో డబ్బు దొరక్క వెనక్కి పోయింది, అందుకు బ్యాంకు చార్జీ వేసింది అని అర్థం.

ఇప్పుడు ఈ రెండూ కలిపి చూడండి. పింఛను పడింది. బ్యాంకు హోల్డ్ పెట్టింది. మూడో రోజు గ్రూపు లోను కిస్తీ వచ్చింది. డబ్బు ఉంది, కానీ ముట్టుకోవడానికి లేదు. కిస్తీ వెనక్కి పోయింది. డబ్బు లేనందుకు చార్జీ వేసింది కూడా, ఆ డబ్బును బిగించి పట్టుకున్న ఆ బ్యాంకే. ఫైనాన్స్ మనిషి మీ గుమ్మం ముందు అరవడానికి కారణం కూడా అదే. మీరు రెండు కష్టాలుగా రాశారు గానీ, నాకు కనిపిస్తున్నది ఒకటే, మేనేజరు సీటు దగ్గర మొదలైంది. అర్జీలో ఈ ముక్క తప్పకుండా రాయాలి, ఎందుకంటే చార్జీలు వెనక్కి ఇప్పించుకోవడానికి ఇంతకన్నా గట్టి మాట దొరకదు.

చట్టం ఏమంటుందో చెబుతాను. పింఛనును అప్పులవాళ్ల నుంచి కాపాడే మాట మన చట్టాల్లో కొత్తది కాదు. 1871 నాటి పింఛన్ల చట్టం సెక్షన్ 11లోనే ఉంది: గతంలో చేసిన సేవకు గానీ, అశక్తతకు గానీ, దయతో గానీ ప్రభుత్వం ఇచ్చే పింఛనును అప్పులవాడు కోర్టు ద్వారా జప్తు చేయించకూడదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో జప్తు చేయకూడని వాటి పెద్ద జాబితా ఉంది. వంట పాత్రలు, కట్టుబట్టలు, వ్యవసాయదారుడి పనిముట్లతో పాటు ప్రభుత్వమో, మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థో, మరే యజమానో ఇచ్చే పింఛను, గ్రాట్యుటీ కూడా అందులో ఉన్నాయి. మీ అమ్మగారిది పీఎఫ్ పింఛను కాబట్టి 1952 నాటి ఈపీఎఫ్ చట్టం సెక్షన్ 10 అదనపు అండ. ఆ సొమ్మును ఇంకొకరికి రాసివ్వడానికి వీల్లేదు, తాకట్టు పెట్టడానికి వీల్లేదు, కోర్టు డిక్రీ మీద జప్తు చేయడానికీ వీల్లేదు. అదే రక్షణ పింఛను పథకానికీ వర్తిస్తుందని ఆ సెక్షన్‌లోనే ఉంది.

అప్పులవాళ్ల తరఫు వకీళ్లు ఎప్పుడూ వేసే పాచిక ఒకటుంది. “పింఛను ప్రభుత్వం దగ్గర ఉన్నంతవరకే పింఛను, ఖాతాలో పడ్డాక అది మామూలు డబ్బు” అంటారు. పాత తీర్పుల్లో ఆ వాదనకు కొంత ఊతం ఉండేది. 2008లో సుప్రీంకోర్టు రాధేశ్యామ్ గుప్తా వర్సెస్ పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసులో వేరేగా చెప్పింది. రిటైరైన మనిషి చేతికి వచ్చిన పింఛను, గ్రాట్యుటీ డబ్బును ఫిక్సెడ్ డిపాజిట్‌లో వేసుకున్నా దాని స్వభావం మారదు, సెక్షన్ 60 రక్షణ పోదు అని. మీ అమ్మగారి వకీలుకు ఈ ఒక్క పేరు చెబితే చాలు, ఆయనకు మిగతాది తెలుస్తుంది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పైన చెప్పినవన్నీ కోర్టు జప్తుకు అడ్డుగోడలు. బ్యాంకు కోర్టుకు వెళ్లకుండా తన దగ్గరున్న ఖాతాలోంచి తన బాకీ తనే జమ చేసుకోవడాన్ని సెట్ ఆఫ్ అంటారు, అది వేరే దారి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 171లో బ్యాంకులకు ఉన్న పట్టు హక్కును, లోను కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉండే షరతును వాళ్లు చూపిస్తారు. పింఛను మీద ఆ హక్కు ఎంతవరకు చెల్లుతుందన్నది గీత గీసినట్టు తేలిపోయిన విషయం కాదు. పింఛనుదారు ఒప్పుకోకుండా కోయడాన్ని కోర్టులు తప్పుపట్టిన సందర్భాలు ఉన్నాయి. 2020లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, ఎనభై దాటిన ఒక పింఛనుదారు ఖాతాలోంచి ‘ఎక్కువ ఇచ్చేశాం’ అంటూ బ్యాంకు కోసుకున్న డబ్బును వెనక్కి ఇమ్మంది. అది లోను బాకీ కేసు కాదు. అయినా పింఛను ఖాతా దగ్గర బ్యాంకు తన ఇష్టం వచ్చినట్టు చేయకూడదన్న ధోరణి అందులో ఉంది. కాబట్టి “చట్టం ఉంది, మీరు ముట్టుకోకూడదు, అంతే” అని కౌంటర్ దగ్గర గొంతు పెంచితే పని జరగదు. వాళ్లు లోను కాగితం చూపిస్తారు. గొంతు తగ్గించి, వాళ్ల కాగితంలోనే లోపం పట్టుకోవాలి.

లోపాలు ఎక్కడ ఉంటాయో రికవరీలో పనిచేసినవాడిగా చెబుతాను. మొదటిది, ష్యూరిటీని అడిగారా? అప్పు తీసుకున్నవాడు కట్టలేదు, మీరు ఇంత కట్టాలి అని మీ అమ్మగారి పేరున రాతపూర్వకంగా డిమాండ్ నోటీసు రావాలి. చాలా శాఖల్లో అప్పుదారుకు పంపి ఊరుకుంటారు, ష్యూరిటీకి పంపిన రసీదు ఫైల్లో ఉండదు. రెండోది, ఖాతా ఎవరి పేరున ఉంది? మీ అమ్మగారు ఒక్కరి బాకీకి, మీ ఇద్దరి పేరున ఉన్న జాయింట్ ఖాతాలో చేయి పెట్టకూడదు. మూడోది, హోల్డ్ పెట్టమని ఎవరు రాశారు? కొన్నిసార్లు అడిగి చూస్తే ఏ ఉత్తర్వూ ఉండదు. మార్చి నెలాఖరులో మొండి బాకీలు తగ్గించాలని పైనుంచి ఫోన్ వస్తే, ఎవరో ఒక ఆఫీసరు పేర్ల జాబితా ముందు పెట్టుకుని వరసగా లీన్ కొట్టుకుంటూ పోయి ఉంటాడు.

ఆ ఆఫీసరు ఒకప్పుడు నేనే. పలమనేరు వైపు ఒక శాఖలో ఉన్నప్పుడు మాజీ సైనికుడొకాయన అన్న కొడుకు ట్రాక్టరుకు ష్యూరిటీ పెట్టాడు. ట్రాక్టరు తిరిగింది, కిస్తీ తిరిగి రాలేదు. నేను ఆయన పింఛను ఖాతాకు లీన్ పెట్టి, ఫైల్లో ‘చర్య తీసుకోబడింది’ అని రాసి ఇంటికి పోయాను. పది రోజులకు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా టేబుల్ మీద బీపీ మాత్రల ఖాళీ అట్ట పెట్టాడు. ఏమీ తిట్టలేదు. “సార్, ఇది అయిపోయి నాలుగు దినాలైంది” అన్నాడు. నేను రూల్సు చెప్పాను. మరో వారానికి చిత్తూరు వకీలు ఒకాయన సెక్షన్ 60 ఉటంకిస్తూ రీజినల్ ఆఫీసుకు ఉత్తరం రాశాడు. ఆ సాయంత్రమే నాకు ఫోన్ వచ్చింది, లీన్ తీసేశాను. పందొమ్మిదేళ్ల సర్వీసు తర్వాత ఆ సెక్షన్ నేను మొదటిసారి చదివింది ఆ రోజే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మీ శాఖ మేనేజరు దుర్మార్గుడు కానక్కర్లేదు. ఆయన కంప్యూటరులో చట్టం ఉండదు, లీన్ గడి ఒకటే ఉంటుంది. ఎవరో ఒకరు కాగితం మీద చెప్పేదాకా అది అలాగే ఉంటుంది.

ఆ కాగితం ఇలా రాయండి, ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు:

“మేనేజరు గారికి. నా సేవింగ్స్ ఖాతాలో జమ అయ్యేది ఉద్యోగుల పింఛను పథకం కింద నాకు వచ్చే వితంతు పింఛను మాత్రమే. నాకు వేరే ఆదాయం లేదు. ఫలానా తేదీ నుంచి ఈ ఖాతా మీద లీన్ పెట్టారు. ఏ లోను కింద, ఏ కాగితం ఆధారంగా, ఎవరి ఉత్తర్వు మీద పెట్టారో రాతపూర్వకంగా తెలపండి. ష్యూరిటీగా నాకు పంపిన డిమాండ్ నోటీసు నకలు ఇవ్వండి. ఈపీఎఫ్ చట్టం సెక్షన్ 10, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 కింద రక్షణ ఉన్న ఈ పింఛను మీద లీన్ తీసేయండి. లీన్ వల్ల డబ్బు అందుబాటులో లేక పడిన రిటర్న్ చార్జీలు తిరిగి జమ చేయండి.”

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో శాఖ ముద్ర వేయించుకోండి. “ఇచ్చి పొండి, చూస్తాం” అంటే ఒప్పుకోవద్దు. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈ ముద్ర దేనికంటే, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ముందు బ్యాంకుకు రాసినట్టు రుజువు లేకపోతే అక్కడ ఫిర్యాదు తీసుకోరు. ఆన్‌లైన్‌లో రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు, చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. సందేహాలకు 14448. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నా అనుభవంలో సగం లీన్‌లు అంబుడ్స్‌మన్ దాకా పోకుండా ఆ 30 రోజుల్లోనే తీసేస్తారు.

ఇప్పుడు ఇంటికొచ్చి అరిచిన మనిషి సంగతి. ఫైనాన్స్ కంపెనీకి మీ అమ్మగారి ఖాతాను సీజ్ చేయించే అధికారం లేదు. వాళ్ల చేతిలో ఉన్నది ఆమె సంతకం చేసిచ్చిన ఆటో డెబిట్ ఒక్కటే. అంతకు మించి కావాలంటే కోర్టులో దావా వేసి, డిక్రీ తెచ్చుకుని, అమలు పిటిషన్ వేయాలి. అక్కడ కూడా పింఛనుకు సెక్షన్ 60 అడ్డం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు మైక్రో ఫైనాన్స్ నిబంధనల ప్రకారం, ఏడాదికి ₹3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే ఇలాంటి లోనుకు అప్పుదారు డిపాజిట్ ఖాతా మీద లీన్ ముడిపెట్టకూడదు. వసూలుకు పొద్దున 9 లోపు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. ముందే ఒప్పుకున్న చోట కలవాలి. అక్కడికి వరసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి రావాలి. ఇరుగుపొరుగు వినేలా తిట్టడం, బెదిరించడం తప్పు. మళ్లీ వస్తే మీ ఫోన్లో వీడియో పెట్టి, ఆయన ఐడీ కార్డు చూపించమనండి. చాలామంది అక్కడికే దారికొస్తారు.

ఆటో డెబిట్ ఆపాలంటే బ్యాంకులో రాసిస్తే ఆపుతారు. స్టేట్‌మెంటులో ఆ మ్యాండేట్ నంబరు, యూఎంఆర్ఎన్ అంటారు, చూసి అర్జీలో రాయండి. కానీ ఊరికే ఆపేసి కూర్చోవద్దు. డబ్బు లేక డెబిట్ వెనక్కి పోతే చెక్కు బౌన్సు లాగే 2007 నాటి పేమెంట్స్ చట్టం సెక్షన్ 25 కింద కేసు పెట్టే వీలుంది. కాబట్టి అదే రోజు కంపెనీకి కూడా ఒక ఉత్తరం రాయండి: పింఛను తప్ప ఆదాయం లేదు, నెలకు ఇంత మాత్రం కట్టగలను, రసీదు ఇస్తే చేతికి ఇస్తాను అని. ఆ ఉత్తరం రేపు ఏ కోర్టులోనైనా ఆమెకు సాక్ష్యం అవుతుంది.

డ్వాక్రా సంఘాల వాళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. ₹10 లక్షల లోపు సంఘం లోనుకు సంఘం సేవింగ్స్ ఖాతా మీద లీన్ పెట్టకూడదని రిజర్వు బ్యాంకు సర్క్యులరే చెబుతోంది. ఒక సభ్యురాలు కట్టలేదని మిగతా తొమ్మిది మంది సొంత ఖాతాలు బిగించడం చూశాను. అలా చేస్తే సంఘాల పని చూసే వెలుగు సీసీ గారిని వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లడమే పని జరిగే దారి.

బ్యాంకులు, ఫైనాన్సులు కాకుండా మన ఊళ్లో ఇంకో పద్ధతి ఉంది. దీని గురించి ఎవరూ ఫిర్యాదు రాయరు. వడ్డీకి ఇచ్చేవాడు ఏటీఎం కార్డు, పిన్ నంబరు, పాసు పుస్తకం మూడూ తన దగ్గర పెట్టుకుంటాడు. పింఛనో, పారిశుద్ధ్య పని జీతమో పడిన రోజు పొద్దున్నే మిషన్ దగ్గర తనే తీసుకుని, వడ్డీ పట్టుకుని, మిగిలింది సాయంత్రం చేతిలో పెడతాడు. జీవకోనలో ఒకాయన దగ్గర రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట నేను కళ్లారా చూశాను. ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో పేరు. ఇది తాకట్టు కాదు, ఏ చట్టమూ దీన్ని ఒప్పుకోదు. దీనికి మందు అన్నిటికన్నా తేలిక. బ్యాంకుకు వెళ్లి కార్డు పోయిందని చెప్పి బ్లాకు చేయించి కొత్తది తీసుకోవడం, పది నిమిషాల పని. ఆ తర్వాత వాడు ఇంటికొచ్చి చేసే గలాటాను తట్టుకోవడమే కష్టం. అందుకు ముందే తోడు పెట్టుకోండి. ఎంత తీసుకున్నారు, ఎంత ముట్టింది అన్న లెక్క ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

ప్రభుత్వ సామాజిక పింఛన్ల మాట కూడా చాలామంది అడుగుతారు. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు ₹4,000, దివ్యాంగులకు ₹6,000 ఇస్తున్నారు. దాన్ని సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి చేతికి ఇస్తారు కాబట్టి బ్యాంకుకు అందే ప్రసక్తి లేదు. (ఒకటో తేదీ పింఛను వస్తుందని అందరికన్నా బాగా గుర్తుండేది వసూళ్ల కుర్రాళ్లకే. మధ్యాహ్నానికల్లా వీధిలో బైకు చప్పుడు వినిపిస్తుంది.) 2024 మే నెలలో ఎన్నికల వేళ చాలామందికి పింఛను బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఆ వారం ఎండలో చంద్రగిరిలో ఒక బ్యాంకు ముందు క్యూలో ఉన్న పెద్దావిడ పాసు పుస్తకం చదివి పెట్టాను. ఏళ్ల తరబడి వాడని ఖాతా. ₹3,000 పడింది, పాత మినిమం బ్యాలెన్సు జరిమానాల కింద పడీపడగానే ఆరు వందల పైచిలుకు పోయింది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం మినిమం బ్యాలెన్సు జరిమానా వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఈ మాట 2015 ఏప్రిల్ నుంచి ఉంది. 2024 ఏప్రిల్ నుంచి వాడుకలో లేని ఖాతాలకు ఆ జరిమానా వేయనే కూడదు. ఆమె తరఫున కౌంటర్లో ఈ రెండు మాటలూ చెబితే నాలుగు రోజులకు వెనక్కి వేశారు. అడగనివాళ్లకు వేశారో లేదో చెప్పలేను.

ఇక ముందు జాగ్రత్త. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అప్పు ఉన్న బ్యాంకులో పింఛను వేయించుకోవద్దు. ష్యూరిటీ సంతకం పెట్టిన బ్యాంకులో కూడా వద్దు. 2025 జనవరి నుంచి పీఎఫ్ పింఛనుకు దేశంలో ఏ బ్యాంకు ఏ శాఖ నుంచైనా తీసుకునే ఏర్పాటు వచ్చింది. మీ అమ్మగారికి బాకీ లేని మరో బ్యాంకులో జీరో బ్యాలెన్సు ఖాతా తెరిపించి, పీఎఫ్ ఆఫీసులో ఖాతా మార్పు అర్జీ ఇవ్వండి. ‘బేసిక్ సేవింగ్స్ ఖాతా’ అని అడగండి. మామూలు సేవింగ్స్ అయితే మినిమం బ్యాలెన్సు గొడవ మళ్లీ మొదలవుతుంది. మారేదాకా పాత ఖాతా మూయకండి.

తల్లికి వందనం, పీఎం కిసాన్ లాంటివి ఆధార్‌కు చివరగా జోడించిన ఖాతాలోకి పోతాయి. ఏ ఖాతాకు జోడించి ఉందో మైఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే తెలుస్తుంది. అప్పు ఉన్న బ్యాంకే అక్కడ కనిపిస్తే మార్చుకోండి. పోస్టాఫీసులో ఉండే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఇందుకు బాగా పనికొస్తుంది. పేమెంట్స్ బ్యాంకులు సొంతంగా అప్పులివ్వకూడదు. అప్పే ఇవ్వని బ్యాంకుకు మీ ఖాతాలోంచి కోసుకోవడానికి బాకీ ఎక్కడిది?

ఒక అనుమానం మాత్రం తీర్చుకోండి. ఎప్పుడైనా పింఛను అసలే పడకపోతే అది అప్పులవాళ్ల పని కాకపోవచ్చు. పీఎఫ్ పింఛనుకు ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది గడువు దాటినా ఆగిపోతుంది.

కోర్టు కాగితం వస్తే మాత్రం వేరే కథ. ప్రోనోటు మీద ఎవరైనా దావా వేసి, సమన్లు అందినా మీరు వెళ్లకపోతే, మీ మాట వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. ఆ తర్వాత ఈపీ, అంటే అమలు పిటిషన్ వేసి, మీ ఖాతాలో డబ్బు ఆపమని బ్యాంకుకు గార్నిషీ నోటీసు పంపిస్తారు, బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. అప్పుడు మేనేజరుతో వాదించి లాభం లేదు. ఈపీ నంబరు రాయించుకుని ఆ కోర్టులోనే “ఇది పింఛను, సెక్షన్ 60 కింద జప్తు కుదరదు” అని పిటిషన్ వేయాలి. స్టేట్‌మెంటు, పింఛను పేమెంట్ ఆర్డరు జత చేయాలి. దీనికి వకీలు ఫీజు కట్టే పని లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉంది. తిరుపతి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. చిత్తూరులో జిల్లా సంస్థ ఉంది. ఆధార్, పాసు పుస్తకం, స్టేట్‌మెంటు, ముద్ర వేయించుకున్న అర్జీ కాపీ పట్టుకెళితే మొదటి రోజే పని మొదలవుతుంది. (జీతగాళ్ల కోసం ఒక లెక్క: మామూలు అప్పు డిక్రీలో జీతంలో మొదటి వెయ్యి, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. ₹16,000 జీతమైతే ₹5,000 మించి పట్టుకోవడానికి లేదు.)

చివరగా తమ్ముడి లోను. లీన్ తీసినా ఆ బాకీ ఎక్కడికీ పోదు. బ్యాంకు వాళ్లు మీ అమ్మగారిని పిలిచి “ఊరికే ఒక సంతకం, ఫైలు కోసం” అని అచ్చు కాగితం ఇస్తే చదవకుండా పెట్టనివ్వకండి. బాకీ ఒప్పుకుంటున్నానని రాసిన సంతకం, ఐదు వందలు కట్టిన రసీదు, ఈ రెండూ మూడేళ్ల గడువును మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేలా చేస్తాయి. ఆ గడువు దాటితే బ్యాంకు దావా వేసే దారి మూసుకుంటుంది. అయితే తన చేతిలో ఉన్న ఖాతాను పట్టుకోవడం మానేస్తుందని అనుకోవద్దు, అందుకే ఖాతా మార్చమన్నది. తీర్చుకుందామనే ఉద్దేశం ఉంటే లోక్ అదాలత్‌లో అడగండి. అక్కడ బ్యాంకులు వడ్డీ వదులుకోవడానికి మెత్తబడతాయి. ఒప్పుకున్న కిస్తీ మాత్రం నిజంగా కట్టగలిగేంతే ఉండాలి. అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు.

ఇప్పటికే ఆమె ఖాతాలోంచి తమ్ముడి లోనుకు జమ అయిన పైసా ఏదైనా ఉంటే ఆ పంక్తుల కింద ఎర్ర సిరాతో గీత పెట్టి స్టేట్‌మెంటు దాచండి. ష్యూరిటీ కట్టిన డబ్బును అసలు అప్పుదారు నుంచి రాబట్టుకునే హక్కు కాంట్రాక్టు చట్టంలో ఉంది. తమ్ముణ్ణి ఆ డబ్బు అడుగుతుందా, రాఖీకి వస్తే అన్నం పెట్టి పంపిస్తుందా అన్నది మీ అమ్మగారి ఇష్టం. కాగితం మాత్రం ఆమె బీరువాలో ఉండాలి.